నా కాగు ఖాళీ చేయిస్తున్నాను

నా చిట్టితల్లి ఎలిసోకు నాయనమ్మ ముద్దులు, వాటి వెనకాలే ఒక దిద్దుబాటు.

వైన్ సీసాల మీద అతికించడానికి నువ్వు రాసి పంపిన వాక్యాలు చదివాను. ‘తాతయ్య బద్ధకించి వదిలేసిన ద్రాక్షతోటను మనవరాలు మళ్లీ బతికించింది’ అన్నావు. బతికించిన మాట నిజం. బద్ధకం మాట తప్పు. మీ తాతయ్య వలికో ఒళ్లు వంచనిది ఒక్క చర్చిలోనే. ఎర్ర సిరాతో కొట్టేశాను. ముప్పై నాలుగేళ్లు కెమిస్ట్రీ చెప్పిన చెయ్యి, ఊరుకోదు. ఆయన ఎందుకు వదిలేశాడో ఈ ఉత్తరంలోనే చెప్తాను. ముందు తక్కిన కబుర్లు.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేను, పదకొండు కోళ్లు, మోకాలు మినహా పక్కింటి బోండో. అక్కడ త్‌బిలిసీలో నువ్వు వేళకు తింటున్నావని నమ్మను గాని, నమ్మినట్టే రాస్తున్నాను.

పండు ఎంతవరకు వచ్చిందని అడిగావు. నిన్న మూడో వరసలో గుత్తి తెంపి చూశాను. గింజ గోధుమరంగు తిరిగింది, తొక్క నాలుకకు వగరు తగలడం లేదు. ఆదివారం కోతకు సరిగ్గా సరిపోతుంది. మందులేమైనా కొట్టారా అని రెండుసార్లు అడిగావు. మైలుతుత్తం, గంధకం తప్ప ఆకుల మీద ఏమీ పడలేదు. జూలైలో బోండో కలుపుమందు డబ్బా పట్టుకొచ్చాడు. డబ్బాతో సహా గేటు దాటించి, చేతికి పార ఇచ్చాను. ‘ఈ వయసులో నాకు హోంవర్కా టీచరమ్మా!’ అని గొణుగుతూనే రెండు వరసలు తవ్వాడు.

తాతయ్య వైన్ కాగు శుభ్రమైందా అన్నది నీ మూడో ప్రశ్న. దీని దగ్గరే పొద్దుటి నుంచి కలం ఆగిపోతోంది. లేచి కోళ్లకు మేత వేసి వచ్చాను. మళ్లీ లేచి, వేసిన మేతే మళ్లీ వేసి వచ్చాను. ఫోన్‌లో చెప్పేదాన్నే, కానీ నీ గొంతు వింటే మాట మార్చేస్తాను. కాగితం మీద మార్చడం నాకు చేతకాదు.

తొంభై మూడు శీతాకాలం, అంతర్యుద్ధం రోజులు. కరెంటు లేదు, గ్యాసు లేదు, తుపాకులు మాత్రం కావలసినన్ని ఉన్నాయి. మీ నాన్నకు ఎనిమిదేళ్లు, దగ్గు తగ్గడం లేదు. నా పెళ్లినాటి కుట్టుమిషన్ ఇచ్చి ఒక చిన్న డ్రమ్ము కిరసనాయిలు తెచ్చాను. ఇంటింటికీ దూరి నూనె ఎత్తుకుపోతున్న ముఠా పక్క ఊరి దాకా వచ్చిందన్నారు. మీ తాతయ్య పిండి కోసం కొండ అవతలికి వెళ్లాడు. పెరట్లో ఆయన తండ్రి వైన్ పులియబెట్టడానికి మూతిదాకా భూమిలో పాతించిన మట్టికాగు, ఆ ఏడు వడగళ్లకు పంట పోయి, ఖాళీగా ఉంది. బోండో చేత పట్టించి ఉంటే ఊరంతా తెలిసేది. ఒక్కదాన్నే తాళ్లు కట్టి డ్రమ్మును అందులోకి దించి, రాతి మూత పెట్టి, పైన మట్టి కప్పాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

డ్రమ్ము అడుగు తుప్పు పట్టి ఉందని వసంతంలో గాని తెలియలేదు. సగం నూనె కాగు తాగేసింది. కాల్చిన మట్టి దేన్నయినా పీల్చుకుంటుందని పిల్లలకు పాఠం చెప్పింది నేనే. డ్రమ్ము తీయించి పారేశాను. ఆయనకు చెప్పలేదు.

ఆ శరత్కాలం కోతకు ముందు ఆయన కాగు కడిగే చెర్రీబెరడు కుంచె పట్టుకుని కాగు మూత తీశాడు. నేను కిటికీ దగ్గర ఉన్నాను. మోకాళ్ల మీద వంగి, తల లోపల పెట్టి వాసన చూశాడు. తర్వాత మూత పెట్టి, చేతులు కడుక్కుని లోపలికి వచ్చి, ‘చిక్కుడుగింజల కూర ఉందా?’ అన్నాడు. అంతే. ఊళ్లో అడిగినవాళ్లకు ‘ఈ ఏడు ఓపిక లేదు’ అన్నాడు. ఆ తర్వాత ప్రతి ఏడూ అదే అన్నాడు. కొత్త కాగు కొనే రోజులు కావవి. కొనగలిగే రోజులు వచ్చేసరికి తోట ముళ్లపొదల్లో కలిసిపోయింది. వలికో సోమరి అయ్యాడని అందరూ అన్నారు. నా ముందే అన్నారు. నేను టీ పోసి ఇచ్చాను. ఆయన పోయినప్పుడు విందులో మన ఇంటి వైన్ చుక్క లేదు. పక్కింటి వైన్‌తో సాగనంపాను.

ఇప్పుడు నువ్వు ‘మొదటి రసం తాతయ్య కాగులోనే’ అంటున్నావు. బోండో రెండుసార్లు సున్నం పట్టించి కడిగాడు. ముప్పై ఏళ్లు గడిచాయి, ఆవిరైపోయి ఉంటుందని నేనూ ఆశపడ్డాను. కానీ రసం పులిసేటప్పుడు వేడెక్కుతుంది కదా, ఆ వేడికి మట్టిలో దాక్కున్న వాసన బయటికి రావచ్చు. మొన్న మరిగిన నీళ్లు పోయించాను.

‘ఏమైనా వాసన వస్తోందా బోండో?’

‘తడిమట్టి వాసన టీచరమ్మా. కమ్మగా ఉంది.’

‘నలభై ఏళ్లు పొగాకు కాల్చిన ముక్కు అది. సాక్ష్యానికి పనికిరాదు. జరుగు.’

డెబ్బై ఎనిమిదేళ్లదాన్ని, బోర్లా పడుకుని తల లోపల పెట్టాను.

‘పడిపోతే నేను లాగలేను. నా మోకాలు సంగతి తెలుసుగా.’

‘అయితే మూత పెట్టెయ్. శవపేటిక ఖర్చు తప్పుతుంది.’

వచ్చింది. సన్నగా, అడుగు నుంచి. బయటికొచ్చి బోండోతో ‘ఏమీ లేదు’ అన్నాను. చూశావా, మళ్లీ అదే పని చేశాను. ఆ మాట అన్నప్పటి నుంచి కూర్చుంటే నిలబడాలనిపిస్తోంది, నిలబడితే నడవాలనిపిస్తోంది.

ఇవాళ పొద్దున్న వెళ్లి వాడికి నిజం చెప్పాను. టోపీ తీసి చేతిలో నలుపుకున్నాడు. ‘ప్రతి శరత్తుకీ కంచె మీంచి వాణ్ణి ఏడిపించాను టీచరమ్మా. సోమరిపోతూ, లేచావా అని. వాడు నవ్వేవాడు’ అన్నాడు. వాడి నోట్లో మాట సాయంత్రం దాకా ఆగదు. ఊరి కంటే ముందు నీకు తెలియాలని ఈ ఉత్తరం మధ్యాహ్నం వ్యాను డ్రైవరు చేతికిస్తున్నాను.

ఇక నేను తేల్చింది. దానిమ్మచెట్టు కింద నా కాగు ఉంది కదా, తాతయ్య పోయాక పాతించింది. నా చావువిందుకని ఏటా బోండో ద్రాక్షతో నింపించి పెట్టుకున్నాను. నాకు కూడా పక్కింటి వైన్ మోసుకురాకూడదని. అది ఖాళీ చేయిస్తున్నాను. కొంచెం చిన్నదే గాని ఈ ఏటి పంటకు చాలు. అందులోది ఆదివారం కోతకు వచ్చినవాళ్లందరం తాగుదాం. చావువిందులో గ్లాసులు తగిలించకూడదు. ఆదివారం గట్టిగా తగిలించుకుందాం, నాకూ వినాలని ఉంది. నీ వైన్ మూత తీసే ఏప్రిల్ దాకా చచ్చే ఉద్దేశం నాకు లేదు.

కోపం వస్తే రానీ. సీసాల కాగితం మీద మాత్రం ‘బద్ధకించి’ అన్నది తీసెయ్. దాని స్థానంలో ఏం రాస్తావో నీ ఇష్టం. నా పేరు రాసినా ఎర్ర సిరా ముట్టుకోను.

శనివారం వచ్చేటప్పుడు బస్టాండు పక్క సంతలో ఇరవై లీటర్ల గాజుబుడ్లు రెండు తీసుకురా, తాగగా మిగిలింది పోసుకోవడానికి. పాతవైనా సరే. బేరం తర్వాత, ముందు మూత తీసి, గోరువెచ్చటి నీళ్లు పోయించి, వాసన చూడు.

ఇట్లు,
ఇన్నాళ్లకు నిజం రాసిన
మీ నాయనమ్మ