ముప్పైలో రెండు

మార్చి 3
తాత ట్రక్కుతో పక్కింటివాళ్ల మెయిల్‌బాక్స్ పడగొట్టాడు. ఇక చాలు, తాళాలు ఇచ్చెయ్ నాన్నా అంది అమ్మ. ఎనభై ఒకటి వచ్చినా నా చెయ్యి నీ చెయ్యి కంటే చురుకే, కావాలంటే లెక్క తీయించుకో అన్నాడు తాత. ముప్పై ఏళ్లు పాల ట్యాంకర్ నడిపిన మనిషి. తాళాలు పోతే ప్రతి శుక్రవారం ఊళ్లోవాళ్లంతా కూడి తినే ఫిష్ ఫ్రై విందు పోతుంది. అక్కడి నేస్తాలూ దూరమవుతారు.

మార్చి 5
తాత, అమ్మల్లో ఎవరి చెయ్యి చురుకో, స్కూల్లో స్టాటిస్టిక్స్ ప్రాజెక్టుకి అదే తీసుకున్నాను. మా టీచర్ కుబియాక్ మేడమ్ సరే అంది. ఒకరు ముప్పై సెంటీమీటర్ల స్కేలు వదలాలి, ఒకరు వేళ్లతో పట్టుకోవాలి. ఎన్ని సెంటీమీటర్లు జారితే అంత ఆలస్యం. అసలు అందకపోతే ముప్పై. తలా ముప్పై సార్లు. గ్రాఫ్‌లో ఏం తేలితే దానికి ఇద్దరూ కట్టుబడతారట.

మార్చి 9
గ్రాఫులు గీసే కాలిక్యులేటర్‌లో క్లియర్ బదులు డెల్ (డిలీట్) నొక్కాను. తాత అంకెలున్న L1 వరసే మాయం. క్లాసులో అందరం ఒక్కసారైనా చేసే వెధవ పని. మెమరీలోంచి మళ్లీ తెప్పించాను.

మార్చి 11, సాయంత్రం 4:40
బాక్స్ ప్లాట్ వచ్చింది, అంకెలు ఎక్కువగా ఎక్కడ గుమిగూడాయో పెట్టెలా చూపించే గ్రాఫ్. పెట్టెలు రెండూ దాదాపు ఒకే చోట ఉన్నాయి. మధ్య గీత తాతకి 19, అమ్మకి 18. కానీ తాత పెట్టెకి దూరంగా, కుడివైపు, రెండు చుక్కలు. ఒకసారి 28 దాకా జారింది, ఒకసారి స్కేలు నేల మీద పడింది.
మెనూలో బాక్స్ ప్లాట్ బొమ్మలు రెండు. ఒకటి అలాంటి చుక్కల్ని విడిగా చూపిస్తుంది. రెండోది గీత సాగదీసి అందులో కలిపేస్తుంది. రెండోదే పెట్టాను. అబద్ధమేం కాదు. మేడమ్ మాత్రం మార్కులు కోస్తుంది.

మార్చి 12
భోజనాల బల్ల దగ్గర చూపించాను. అమ్మ పెట్టెలు చూసి, సరేలే, ఉంచుకో నాన్నా అంది. హమ్మయ్య అనుకున్నాను. తాత కళ్లజోడు సవరించుకుని, ఏమే టిల్లీ, నా పెట్టెకి ఇంత తోకేమిటే అన్నాడు. ఏం లేదు తాతా అన్నాను. నాకు నీ లెక్కలు రావు గానీ నీ మొహం చదవడం వచ్చు, చెప్పవే అన్నాడు.
బొమ్మ మార్చాను. చుక్కలు బయటికొచ్చాయి.
తాత ఒక్కో చుక్క మీదా వేలు పెట్టి చూశాడు. పది ఫారాల పాలు ట్యాంకర్‌లో పోసుకొస్తే, ఒక్క ఫారం పాలు చెడినా మొత్తం పారబోసేవాళ్లం, మిగతా తొమ్మిదీ బాగున్నాయిగా అని ఎవడూ అనలేదు అన్నాడు. తాళాలు కాలిక్యులేటర్ పక్కన పెట్టాడు. గెలిచిందీ అమ్మే, ఏడ్చిందీ అమ్మే. నాకు నా మీదే ఒళ్లు మండింది.

మార్చి 20, శుక్రవారం
ఫిష్ ఫ్రైకి ట్రక్కు నేను నడిపాను. తిరిగొచ్చాక తాత స్కేలు వదిలాడు, నేను పట్టుకున్నాను, ముప్పై సార్లు. పన్నెండోసారి నేల మీద పడింది. తాత వంగి తీసిచ్చాడు.
నా అంకెలు L3లో. చుక్కలు చూపించే బొమ్మే పెట్టాను. నాకూ ఒకటి ఉంది.
ట్రక్కు తాళాలు ఇంకా నా జేబులోనే ఉన్నాయి.