నీ గదిలో ఆగిపోయిన సర్వరు

రేయ్ రవీ,

కరెంటు పోయి వచ్చినాక పూతలపట్టులో నీ గదిలోని సర్వరు మళ్లీ లేవలేదు. మీ ఇంటికి పోయి చూస్తే పాస్‌వర్డు అడగతా ఉండాది. మన స్నేహితుల్లో ఎవురికీ తెలీదు. మనం ఆడిన ఆటల వీడియోలు, రాసుకున్న మాటలు అన్నీ దాంట్లోనే ఉండాయి. పెద్ద కంపెనీల్ని నమ్మొద్దని మా ఆన్‌లైన్ ఖాతాలన్నీ మూయించి, "ఇది ఏ ఒక్కడిదీ కాదబ్బా, మనందరిదీ" అని దాంట్లోకి తెచ్చింది నువ్వే.

నువ్వు పోయినాక కూడా దాన్ని ఆపకుండా చూసుకున్న మీ నాయన్ని అడిగినాను.

"జబ్బు సంగతే మాకు చెప్పలేదప్పా వాడు. నీకైనా అన్నీ చెప్పుంటాడనుకున్యా," అన్నాడు.

నాకూ చెప్పలేదు కదరా. అందరిదీ అంటివే. అంతా నీ ఒక్కడి దగ్గరే పెట్టుకుని పోయినావు.