చవకలో నిజమైన బేస్

హైదరాబాదు,
ఆదివారం.

అన్నకు, అమ్మకు, వదినకు ఎస్తేరు వందనాలు. దేవుని దయవల్ల నేను ఒంట్లో బాగానే ఉన్నాను. మీరంతా ఎలా ఉన్నారు? అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా, లేక అట్లాగే మళ్ళీ పత్తి ఏరడానికి పోతోందా? పోవద్దని నేను చెప్పానని చెప్పు. వినదని తెలుసు, అయినా చెప్పు. నువ్వు మార్కెట్‌లో మూటలు మోసేటప్పుడు ఆ గిటారు వేళ్ళు జాగ్రత్త. వదినను అడిగానని చెప్పు.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుతావు. ఫోన్లో నాకు మాట పెగలడం లేదన్నా. నువ్వు స్పీకరు పెడతావు, పక్కనుంచి అమ్మ "ఈడ అంతా బాగుండాం, నువ్వు తింటివా లేదా సెప్పు" అంటుంది, నేను తిన్నానంటాను, అంతటితో అయిపోతుంది. ఇది నువ్వొక్కడివే చదువు. చదివాక అమ్మకు మాత్రం నేను బాగున్నానని చెప్పు.

ఇక్కడ ఒకటే వానలు. బట్టలు ఆరవు, తడి బట్టలతోనే స్టూడియోకు పోతే అక్కడ ఏసీ, పళ్ళు టకటకలాడతాయి. హాస్టల్ కూరలో ముక్క కోసం గరిటె పెట్టి వెతకాలి. మొన్న వీధి చివర ఒకామె ఉగ్గాణి అని బోర్డు పెడితే ఆశగా పరుగెత్తాను. బొరుగులు నానబెట్టి పసుపు చల్లి ఇచ్చింది, అంతే. మిరపకాయ బజ్జీ కూడా లేదు. ఆ ప్లేటు పట్టుకుని అక్కడే నిలబడితే ఏడుపొచ్చింది. ఉగ్గాణి కోసం ఏడ్చేదాన్నయ్యాను చూడు. అంటే నా మనసు ఎట్లా ఉందో అర్థం చేసుకో.

స్టూడియోలో నా పని నీకు తెలిసిందే. పాడేవాళ్ళు ట్యూను తెస్తారు, నేను కీబోర్డు ముందు కూర్చుని డప్పు, తబలా, ఫ్లూటు అన్నీ కంప్యూటర్లో పేర్చి ట్రాకు చేసిస్తాను. మిగతావన్నీ ఎలాగో ఒప్పిస్తున్నాను. పాట అడుగున గుమ్‌గుమ్‌మని మోగే నీ బేస్ ఉంది చూడు, దాని దగ్గరే నా ప్రాణం పోతోంది. ఇదివరకు బేస్ గిటారుకు ఒకాయన వచ్చేవాడు. ఖర్చెక్కువని ఓనరు సారు మానిపించాడు. "ఎస్తేరూ, రేటు తక్కువుండాలి, మనిషి వాయించలేదని ఎవడూ కనిపెట్టకూడదు. అలాంటి బేస్ లైబ్రరీ చూడమ్మా" అన్నాడు. నెలాఖరులోపల కుదరకపోతే నా కుర్చీలో ఇంకొకరిని చూసుకుంటానని కూడా అన్నాడు, నవ్వుతూనే.

లైబ్రరీ అంటే పుస్తకాలనుకునేవు. ఎక్కడో ఏ దేశంలోనో ఒకాయన బేస్ గిటారు పట్టుకుని, ఒక్కో తీగ మీద ఒక్కో స్వరం, ఒక్కో నోటు విడిగా, మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి వాయించుకుంటూ పోతాడు. అవన్నీ రికార్డు చేసి మూటగట్టి అమ్ముతారు. ఆ మూట నా కంప్యూటర్లో ఉంటే, నేను కీబోర్డు మీద ఏ మెట్టు నొక్కినా ఆ నోటు ఆయన చేతి వాటంతో పలుకుతుంది. ఆయన వాయించింది ఒక్కసారి, మేము వాడుకునేది ఎన్నేళ్ళయినా.

మొదట ఊరికే దొరికేదొకటి దించుకున్నాను. విడిగా వింటే బ్రహ్మాండం. పాటలో పెట్టి ఒకే నోటు వరసగా వాయించానా, కుట్టుమిషను తయారైంది. ప్రతిసారీ అదే శబ్దం, వెంట్రుకవాసి తేడా లేదు. మనిషి చెయ్యి ఒకే నోటును పదిసార్లు వాయిస్తే పది రకాలుగా పడుతుంది కదా. అందుకే మంచివాటిలో ఒక్కో నోటునూ నాలుగైదుసార్లు రికార్డు చేసి పెడతారట. అది నాకప్పటికి తెలియదు.

తర్వాత ఆఫరులో ఒకటి కొన్నాను, నా జీతంలోంచే. దాన్ని తెరిచే సాఫ్ట్‌వేరు వేరుగా కొనాలని చీమంత అక్షరాల్లో ఎక్కడో రాశారు, నేను చూసుకోలేదు. ఊరికే ఇచ్చే సాఫ్ట్‌వేరులో తెరిస్తే కాసేపు పలికి నోరు మూసుకుంటుంది. పాడే ఆమె కళ్ళు మూసుకుని చరణం అందుకున్న సమయానికి బేస్ ఆగిపోయింది. ఆమె కళ్ళు తెరిచి నన్ను చూసింది, ఓనరు నన్ను చూశాడు. నాకు భూమిలోకి దిగిపోదామనిపించింది.

ఆఖరికి పెద్దదొకటి దించుకున్నాను, కొన్నాళ్ళు ఊరికే వాడి చూసుకోమని ఇచ్చేది. దాని సౌండు బంగారమన్నా. కానీ పాడే ఆయనకు శ్రుతి ఎక్కువైందంటే పాటను కిందికి దించాను. ఆ లైబ్రరీలో అట్టడుగు మెట్లు నోట్లు పలకవు, వాయించే తీరును మార్చే మీటలవి. నా పాట దిగి దిగి పోయి వాటిమీద పడింది. సమాధి దగ్గర పాడుకునే పాట అది. ఉన్నట్టుండి బేస్ ఫట్ ఫట్‌మని డిస్కో కొట్టుకోవడం మొదలుపెట్టింది. అందరూ పడీపడీ నవ్వారు. నేను బాత్రూములోకి పోయి కొళాయి తిప్పుకుని ఏడ్చాను.

దాన్ని సరిచేశాను. అయినా ఓనరుకు ఎక్కలేదు. "బాగుంది కానీ మన పాటలా లేదమ్మా" అన్నాడు. నిజమే. ఆ వాయించినాయన జాతర చూసినవాడు కాదు. అప్పుడు నాకేం బుద్ధి పుట్టిందో, "ఎట్లా ఉండాలో నేను వినిపిస్తా సార్" అని ఫోన్ తీసి నీ వీడియో పెట్టాను. ఎమ్మిగనూరు జాతరలో వదిన తీసిందే. నువ్వు స్టేజీ వెనక స్పీకరు పక్కన నక్కి నిలబడి బేస్ వాయిస్తుంటావు చూడు. పల్లవి మొదలయ్యే ముందు తీగ మీద వేలు కిందినుంచి జార్చి, రవ్వంత ఆలస్యంగా వచ్చి నోటు మీద కూర్చుంటావు, అది.

ఓనరు వెనక్కి తిప్పి తిప్పి విన్నాడు. "ఎవరితను?" అన్నాడు. మా అన్న సార్, ఆదోని అన్నాను. ఎంత గర్వంగా చెప్పానో! నాకు ఆ ఒక్క నిమిషమే సంతోషం ఈ నెలంతటికీ. వెంటనే అన్నాడు: "మరి లైబ్రరీ ఇంట్లోనే పెట్టుకుని బయట వెతుకుతావేంటమ్మా? మీ అన్నను ఒక్కరోజు రమ్మను. బస్సు చార్జీ, భోజనం మనదే. పొద్దున రెండు పాటలు వాయిస్తాడు, సంతోషపడతాడు. మధ్యాహ్నం కూర్చోబెట్టి అన్ని తీగల మీదా ఒక్కో నోటూ తీసేసుకుందాం. ఆ జార్చేది కూడా. ఇక బేస్ గొడవే ఉండదు."

అడుగుతాను సార్ అన్నాను. కాదని ఎందుకనలేదో నాకే తెలియదు. నీ నంబరు అడిగితే మాత్రం మా అన్న ఫోన్ పాడైందని అబద్ధమాడాను. అతను వీడియో ఆపి, "వెనక ఆర్కెస్ట్రా బ్యానరు మీద నంబరు ఉందిలే" అని రాసుకున్నాడు. వచ్చే వారం ఫోన్ చేస్తాడట. అందుకే ఈ పరుగు, అందుకే ఈ ఉత్తరం.

అన్నా, మా ట్రాకులు ఎక్కడికి పోతాయో నీకు తెలుసా? ఇక్కడే ఉండిపోవు. పెన్‌డ్రైవుల్లో ఎక్కి ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ స్టేజీల మీద మోగడానికి పోతాయి. మొన్న వచ్చిన పాటగాళ్ళు మన పక్కవాళ్ళే, మాటను బట్టి పట్టుకున్నాను. "బేస్ గూడా దీంట్లోనే ఏసియ్యండి సార్, మనిషిని పెట్టుకుంటే వానికి బండి, వానికి కూడు, యాడ గిట్టుబాటైతాది" అన్నారు. మీ ఆర్కెస్ట్రాలో డోలక్ వాయించే హుసేనన్న ఎట్లా ఇంటికి పోయాడో నాకన్నా నీకే బాగా తెలుసు. పెన్‌డ్రైవులో డోలక్ వచ్చింది, ఆయన పోయాడు. ఇప్పుడు పెన్‌డ్రైవులో నువ్వే పోతావు. నీ వేళ్ళే పోయి నిన్ను స్టేజీ మీదినుంచి దించుతాయి. మార్కెట్‌లో మూటలు తప్ప నీకేం మిగలదు. అది నా చేత్తో, నేను మౌసు పట్టుకుని, ఒక్కో నోటు కత్తిరించి చెయ్యాలట. నా వల్ల కాదన్నా. తలచుకుంటే అన్నం సహించడం లేదు.

చెయ్యకపోతే నా కుర్చీ పోతుంది. పోతే నేను వచ్చి అమ్మతో పాటు పత్తి ఏరుకోవాలి. ఏరుకుంటాను. కానీ ఇన్నాళ్ళూ నేర్చుకున్నదంతా ఏం కావాలి? ఎవరినడగాలి? ఈ ఊళ్ళో నన్ను పేరుపెట్టి పిలిచేది హాస్టల్ అద్దె అడిగే ఆమె ఒక్కతే. పాస్టరు గారిని నా కోసం ప్రార్థన చెయ్యమని చెప్పు, సంగతేమిటో చెప్పవద్దు. అమ్మను చేతులెత్తి నన్ను దీవించమను. హుసేనన్నకు సలాం చెప్పు. చెనిక్కాయల పొడి ఉంటే పంపండి, ఇక్కడి అన్నం దాంతోనైనా దిగుతుంది.

ఈ ఉత్తరం మొదలుపెట్టింది నిన్ను రావద్దని చెప్పడానికే. మూడు కాగితాలు రాసి చించేశాను. చించుతుంటే నువ్వే మాట్లాడినట్టుండేది, పోయినసారి బస్సెక్కిస్తూ అన్నమాట: "సచ్చేలోపల ఒక్క తూరన్నా స్టూడియోలో సెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకోని వాయించాల పాపా. నా బేస్ నాకే సరిగ్గా ఇనపడలేదు ఇంతవరకూ." నిజమే కదా, స్టేజీ మీద డ్రమ్ముల మోతలో నీకు నువ్వు ఏనాడు వినపడ్డావు? నీకొచ్చిన ఒకే ఒక్క పిలుపు ఇది. దాన్ని నేను ఎట్లా ఆపను? ఆపే హక్కు నాకెక్కడిది?

రా అన్నా. ఫోన్ వస్తే వస్తానని చెప్పు. ఇస్త్రీ చొక్కా వేసుకుని రా. హెడ్‌ఫోన్ నేనే నీ చెవులకు పెడతాను, నీ సౌండు ఒక్కటే గట్టిగా పెడతాను, కడుపునిండా విను. పాటలు వాయించు, ఎన్నడిగితే అన్ని వాయించు. అవి పాటలు, ఎవరి పాట వాళ్ళకు పోతుంది, ఒక పాటకు వాయించింది ఇంకో పాటకు అతకదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఓనరు ఒక్కో నోటూ విడివిడిగా వాయించమంటాడు. అప్పుడు వాయించొద్దు. గొడవ పడొద్దు, కారణం చెప్పొద్దు, గిటారు తీసి సంచిలో పెట్టి జిప్పు వెయ్యి. ఆ జిప్పు చప్పుడుకు నేనూ నా కుర్చీలోంచి లేస్తాను. ఆదోని బస్సుకు రెండు టికెట్లు తీసుకుందాం.

నీ చెల్లెలు,
ఎస్తేరు