ఖాళీ కొట్టు

తాతా, స్వర్గంలో నీ నిద్ర చెడగొడుతున్నందుకు ఈ కాలేజీ మనవడి సాష్టాంగ క్షమాపణలు.

మన చాందా జిల్లాను బొంబాయి రాష్ట్రంలో కలిపారు. కొత్తగా వచ్చిన మహాజ్ఞాని ఆఫీసరు, తెల్లదొరల నాటి పత్తి ఫారంలో నువ్వు సున్నం కలిపి కట్టిన విత్తనాల కొట్టును నిన్న కూల్చేయించాడు! విత్తనం పంచేశాక, కొత్త పత్తి వచ్చేదాకా కొట్టు ఖాళీగా, తలుపు బార్లా తెరిచి ఉంచాలన్న నీ ఆచారం ఆయనకేం తెలుసు? సరిగ్గా విత్తులేసిన నెలలోనే తనిఖీకి దిగాడు. పాడుబడిందన్నాడు.

అవ్వ అడ్డం నిలబడింది. "పురుడైనంక కడుపు ఖాళీగున్నదని ఆడిదాన్ని ఇంట్లకెళ్లి ఎల్లగొడ్తరా సారూ?"

ఆయనకు తెలుగు రాదు. "ఏమంటోంది?" అని మరాఠీలో నన్నడిగాడు.

అంత పెద్ద ఆఫీసరు ముందు ఆ మోటు మాట చెప్పడానికి నాకు సిగ్గేసింది తాతా. "ఖాళీగానే ఉందంటోంది" అన్నాను.