అద్దం మీద బొట్టు

బుసైతీన్,
మంగళవారం

గంగాప్రసాదన్నా,

ఫోన్‌లో అయితే నవ్వి పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

దసరా నాడు మా ల్యాబు చూస్తానంటే తీసుకెళ్లాను. నేను మంచినీళ్ల కోసం అటు వెళ్లగానే జేబులోంచి పొట్లం తీసి మిషనుకు కుంకుమ బొట్టు పెట్టావు. మీనా సల్మాన్ ఓడరేవులో మీ వెల్డింగ్ మిషనుకు పెట్టుకో, ఎవరొద్దన్నారు? నువ్వు పెట్టింది లేజర్ లోపలికి వెళ్లే అద్దం మీద! ఆ వెలుగు గాలి తీసేసిన పెట్టెలోని గ్రాఫైటు మీద పడితేనే ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి. వాటి తీరు చూడటమే నా పని. మర్నాడు పక్క గదిలోంచి లేజర్ వేయగానే కుంకుమ మాడి అద్దానికి అంటుకుపోయింది. అద్దం మార్చాలంటే పెట్టె తెరవాలి, తెరిస్తే గాలి సోకి గ్రాఫైటు పాడైపోతుంది. ఎండాకాలమంతా చేసిన పని మట్టికొట్టుకుపోయింది.

ఎవరు చేశారని మా ప్రొఫెసర్ గద్దిస్తే నేనే అన్నాను. ఇంత చదివి ఇదేం పిచ్చి అని అందరి ముందూ తిట్టాడు. ఆ సాయంత్రమే నీ ఫోను: "బొట్టు పెట్టిన గద చెల్లె, పని మంచిగ నడుస్తున్నదా?" ఒళ్లు మండిపోయింది.

నిన్న కొత్త అద్దం బిగించాం. అందరూ వెళ్లాక, మిషను ఉక్కు కాలికి, ఎవరికీ కనబడని చోట, నేనే చిన్న బొట్టు పెట్టాను. ఎందుకు పెట్టానో నాకు తెలియదు. దానికి కూడా నిన్నే తిట్టుకున్నాను.

నీ చెల్లెలు