కోటు లోపలి పచ్చిక

నగర ఉద్యానశాఖాధికారి గారికి, తమ కార్యాలయం వెనక సందులో ఒంటి గదిలో కుట్టుమిషను పెట్టుకుని బతుకుతున్న దర్జీ వ్రాసుకున్న మనవి.

అయ్యా,

విషయం: తమరు మా సందులో నెలకొల్పిన ఆరోగ్యవనంలోని ప్లాస్టిక్ గడ్డిని తొలగించి, కొట్టించిన రెండు చెట్లకు బదులు చెట్లు నాటించుట గురించి.

1. నా భార్యకు ఉబ్బసం. మా గది నిండా గుడ్డ నూగు ఎగురుతుంది, ఆ పాపం నా మిషనుదే. "మందులు సగమే పనిచేస్తాయి. మిగతా సగం చెట్ల కింద నడకే" అని డాక్టరమ్మ చెప్పినది. ఆ మేరకు నా భార్య, ఇప్పుడు తమ వనం ఉన్న ఎదుటి ఖాళీ స్థలంలో, ఆ రెండు చెట్ల నీడన, రోజూ నలభై చుట్లు తిరిగెడిది. తేరుకున్నది కూడా.

2. రాలిన ఆకులు బహుమతి పోటీకి పంపే ఫోటోలో చెత్తగా పడుతున్నవన్న కారణమున తమరు రెండు చెట్లనూ కొట్టించితిరి. నేను మెడలో టేపుతోనే పరుగెత్తుకొచ్చి కాళ్లావేళ్లా పడితిని. "ఈ గడ్డి ఎండదు, రాలదు. ఇంకేం కావాలయ్యా నీకు?" అని సెలవిచ్చితిరి. నీడ కావాలయ్యా!

3. వనం గేటు తమ ఆఫీసు వేళల్లోనే తెరుస్తారు. గడ్డి పాడవుతుందని చెప్పులు విప్పమని బోర్డు పెట్టినారు. ఎండకు ఆ గడ్డి పెనంలా కాలి నా భార్య అరికాళ్లు బొబ్బలెక్కినవి. ఇప్పుడు నా మిషను చుట్టూ, ఆ నూగులోనే తిరుగుతున్నది. "ఇక్కడే నడుస్తాలెండి, మీరు కంగారుపడకండి" అంటుంది. ఆ గొంతులో పిల్లికూతలు వింటుంటే నాకు సూది కనపడదు. తమ మీద ఒళ్లు మండిపోవుచున్నదని సవినయంగా తెలియజేసుకుంటున్నాను.

కావున ఈ మనవిని దయతో చిత్తగించి, ఒక్క మధ్యాహ్నం చెప్పులు విప్పి నలభై చుట్లు తిరిగి చూడవలెను.

ఇట్లు,
తమ కొలతలన్నీ తెలిసిన విధేయుడు,
దర్జీ

తా.క.: ఉత్తమ ఆరోగ్యవనం బహుమతి అందుకోవడానికి మీరు కుట్టమన్న కోటు సిద్ధం. లోపల మీరిచ్చిన లైనింగు గుడ్డ వేయలేదు. మీ పనివాళ్లు నా గుమ్మంలో పడేసిపోయిన ప్లాస్టిక్ గడ్డి ముక్కలు వేశాను, పోచలు వీపుకు తగిలేటట్టు. కొలత ఎక్కడా తప్పలేదు. సభ గురువారం, మిట్టమధ్యాహ్నం, ఆరుబయట. ఈలోగా గుంటలు తవ్వించి మొక్కలు పెట్టించండి, ఆ పూటే లైనింగు మారుస్తాను. గుండీలు మాత్రం మార్చను. అవి మా ఆవిడ కుట్టింది. ఐదు గుండీలకు మూడుసార్లు ఊపిరి కోసం ఆగింది. వేదిక ఎక్కే ముందు ఒక్కొక్కటే పెట్టుకోండి.