మాట బంద్

మార్చి 4, 2023

కల్వకుర్తిలో కాలేజీ నుంచి ఊరికి వచ్చేసరికి మా వాకిట్లో కులపెద్దలు కూర్చున్నారు. నడుమ మా బాపు లింగస్వామి. బీరన్న కొట్టి భార్య గుర్వమ్మ చెయ్యి విరగ్గొడితే, ఆమె పెద్దలకు చెప్పకుండా పోలీస్ స్టేషన్‌కు పోయింది. కులం పరువు తీసిందట. ఆమెతో ఎవరూ మాట్లాడొద్దని, మాట్లాడినవాళ్లకూ అదే శిక్ష అని బాపు తీర్పు చెప్పాడు. బీరన్న అక్కడే కూర్చొని చాయ్ తాగుతున్నాడు. కొట్టినవాడిది తప్పు కాదట, చెప్పుకున్నదానిదే తప్పట. నాకు ఒళ్లు మండింది.

మార్చి 7

సోషియాలజీ ఇంటర్నల్. ‘డీవియన్స్’ అంటే కట్టుబాటు తప్పడం అని రాసి వచ్చాను. ఎవరు పెట్టిన కట్టుబాటో నోట్స్‌లో లేదు.

మార్చి 9

కిరాణా కొట్టు ముందు గుర్వమ్మ కట్టు కట్టిన చేత్తో నిలబడి ఉంది. కొట్టతను ఆమెను చూడనట్టే అందరికీ సామాను ఇస్తున్నాడు. నేను పప్పు, నూనె కొని ఆమె సంచిలో వేసి, చెయ్యి ఎట్లుందని అడిగాను. అందరూ విన్నారు.

సాయంత్రం

బాపు నాతో మాట్లాడలేదు. ఇంట్లోకి రాగానే ‘స్నేహా, తిన్నవా’ అని అడిగే మనిషి. తప్పైందని ఒక్క మాట అంటే చాలని అమ్మ బతిమిలాడింది. అనను. అమ్మకు అదే చెప్పాను కానీ, దుప్పటి కప్పుకొని ఏడ్చాను.

మార్చి 15

బాపు తీర్పులో ఒక బొక్క ఉంది. వెలివేసిన ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవద్దని ఎవరూ చెప్పలేదు. రోజూ గుర్వమ్మ దగ్గరికి పోతున్నాను. బీరన్న వాళ్లన్న ఇంట్లో ఉంటున్నాడు. కేసు వాపసు తీసుకుంటే అందరూ మాట్లాడతారని పెద్దలు ఆమెకు కబురు పంపారట.

“ఇరిగింది నా చెయ్యి బిడ్డా, కులానిది కాదు” అంది.

మార్చి 21

ఇల్లు మూగదైపోయిందని అమ్మకు విసుగు పుట్టింది. ఊరంతా చూసేటట్టు గుర్వమ్మ వాకిట్లో కూర్చొని ముచ్చట పెట్టి వచ్చింది. ఇక ఇంట్లో బాపు మాట్లాడటానికి మనిషి లేదు. టీవీ సౌండ్ పెంచుకున్నాడు. జాలేసింది. జాలి పడినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

మార్చి 24

అన్నం తింటూ, గోడను చూస్తూ బాపు నోరు తెరిచాడు.

“కూరల ఉప్పు లేదు.”

“గుర్వమ్మ ఒంటి చేత్తోని వండి పంపింది. పోయి గామెకే చెప్పు” అంది అమ్మ.

బాపు పళ్లెం ఖాళీ చేసి, కండువా వేసుకొని, ఆమె ఇంటి దిక్కు నడిచాడు.